తుతెరె చొక్కాల బొంత

ఉపొకొయినా కత్తెర పట్టిందంటే మౌకే దీవిలో ఆడవాళ్లందరూ మాటలు ఆపి చూసేవారు. మా కుట్టు బృందంలో గుడ్డ మీద పువ్వు, ఆకు కత్తిరించే చెయ్యి ఆవిడదే. ఆవిడ కత్తిరించిన ముక్కల్ని మేం చుట్టూ కూర్చుని కుట్టేవాళ్లం. పెళ్లికైనా చావుకైనా మా దగ్గర బొంత లేకుండా జరగదు. తివైవై అని పేరు. పోయినవాళ్లను అందులో చుట్టే మట్టిలోకి దించుతాం. ఊళ్లో ఎంతమందికో కత్తిరించిన ఆ మనిషి సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి కత్తెర ముట్టనంది.

ఆవిడ కొడుకు తుతెరె ఆగస్టులో ఒకరోజు తెల్లవారుతుండగా సూరచేపల వేటకి చిన్న మోటారు పడవ వేసుకుని పగడపు దిబ్బ దాటి వెళ్లాడు. మళ్లీ రాలేదు. పెద్ద దీవి రారొటొంగా నుంచి విమానం వచ్చి వెతికింది. పక్క దీవి వాళ్లు పడవలు దించారు. చేపల పెట్టె మూత ఒక్కటే దొరికింది. చివరికి వెతకడం ఆపేశారు.

తల్లి మాత్రం ప్రతి శనివారం అతని చొక్కాలన్నీ తీసి, ఉతికి, పెరట్లో తీగ మీద ఆరేసేది. అదే ఇంట్లో ఉండే కోడలు తెకురా ఆ పూట ఏదో ఒక వంక పెట్టుకుని మా ఇంటికి వచ్చేసేది.

"గాలికి ఆ చేతులు ఊగుతుంటాయి అకైతక్కా. వంటింట్లోంచి చూస్తే ఆయనే పిలుస్తున్నట్టుంటుంది. ఇలా ఎన్నాళ్లు?" అని ఒకరోజు నా ముందు ఏడ్చింది.

ఇంటి ముందు సమాధి కట్టాలని పెద్దలూ పాస్టరూ కలిసి నిర్ణయించారు. శవం లేదు కాబట్టి, అతని చొక్కాలతోనే బొంత కుట్టి అందులో పెడదామని తెకురా అంది. మేం సరేనన్నాం. అత్తగారిని అడగాల్సింది ఎవరో మాత్రం ఎవరూ అనలేదు.

మంగళవారం అందరం చర్చి పక్క హాల్లో చాపల మీద కూర్చున్నాం. తెకురా చొక్కాల బుట్ట తెచ్చి మధ్యలో పెట్టింది. ఉపొకొయినా అప్పటిదాకా ఎవరిదో పెళ్లి బొంతకి ఆకులు కత్తిరిస్తోంది. బుట్టకేసి చూసింది.

"అవి ఇక్కడికెందుకు తెచ్చావు?"

"మీకు తెలుసు అత్తయ్యా."

"తెలిస్తే ఎందుకడుగుతాను? చెప్పు. నీ నోటితోనే చెప్పు."

తెకురా పక్కనున్న కత్తెర తీసుకుని పైనున్న నీలం చొక్కా చెయ్యి భుజం దగ్గర కత్తిరించేసింది. ఆ చప్పుడు హాలంతా వినిపించింది. నా సూది వేలికి గుచ్చుకుంది.

ఉపొకొయినా లేచి వచ్చింది. కోడల్ని కొడుతుందేమో అనుకున్నాం. వంగి, ఒక్కొక్క చొక్కా మడిచి బుట్టలో పెట్టుకుంది. "నా కొడుకుని నువ్వు చంపకు" అని మెల్లగా అని, బుట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. తెగిన చెయ్యి తెకురా ఒళ్లోనే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం నేను కోళ్లకి కొబ్బరి కోరు వేస్తుంటే ఆవిడ బుట్టతో సముద్రం దారి పట్టడం కనిపించింది. దక్షిణపు అలలు లేచిన వారం అది. మగవాళ్లు కూడా దిబ్బ మీదికి వెళ్లడం మానేశారు. నేను పరిగెత్తుకెళ్లి తెకురాని పిలిచాను. ఇద్దరం చెప్పుల్లేకుండానే ముళ్లలాంటి పగడపు రాళ్ల మీద పడి వెళ్లాం.

ఆవిడ దిబ్బ అంచుకి దగ్గరగా, మోకాళ్ల నీళ్లలో నిలబడి ఉంది. ఒక్కొక్క చొక్కా తీసి అలలోకి వదులుతోంది.

"అత్తయ్యా, వెనక్కి రండి" అని తెకురా అరిచింది.

"వాడు చొక్కా లేకుండా పోయాడే. ఆ రోజు ఒంటి మీద బనీనే ఉంది. రాత్రిళ్లు చలేయదూ?"

తెకురా నీళ్లలోకి దిగింది. నేను వద్దనేలోపే దిగింది. దూరంగా నీరు పొంగడం నాకు కనిపించింది. పెద్ద అలలు జట్టుగా వస్తాయి, ఒకటి వస్తే దాని వెనకే మరొకటి ఉంటుంది. "వస్తోంది, పట్టుకోండి" అని అరిచాను. తెకురా అత్తగారి నడుం వాటేసుకుని రాతి సందులో కూలబడింది. అల ఇద్దరి మీదుగా విరిగింది. తెల్లటి నురుగు తప్ప ఏమీ కనబడలేదు. నాకు దేవుడి పేరు కూడా గుర్తుకు రాలేదు.

నురుగు తగ్గేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు. కోడలి మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. బుట్ట కొట్టుకుపోయింది. ముసలామె గుప్పిట్లో రెండు చొక్కాలు మిగిలాయి.

"వదులు" అంది ఆవిడ.

"వదలను. మీరు కూడా పోతే ఆ ఇంట్లో నేనెవరితో పోట్లాడను?"

రెండో అల వచ్చేలోపు నేను చెయ్యి అందించాను. ఇద్దర్నీ ఒడ్డుకి లాగాను. ఆవిడ రాయి మీద కూర్చుంది. తర్వాత కోడలి మోచెయ్యి చూసి, తన తలగుడ్డ విప్పి కట్టు కట్టింది.

"పోయాడు కదా" అంది. అది అడగడం కాదు. తెకురా తలూపింది.

అలల్లో పోయినవాటిలో కొన్నింటిని మా కుర్రాళ్లు మర్నాడు ఒడ్డు వెంట ఏరి తెచ్చారు. వాటినీ, మిగిలిన రెండింటినీ మంచినీళ్లలో జాడించి ఉపొకొయినా తానే కత్తెర పట్టింది. ముందుగా గుడ్డ మీద గీత కూడా గీయలేదు. గాలం తగిలి చిరిగిన జేబుని చిరుగుతోనే ఉంచి, దాని చుట్టూ ఆకులు పరిచింది. అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చుని కుట్టారు. రంగుల దగ్గర కీచులాడుకున్నారు.

"ఆ పచ్చ దారం వాడికి పడదు."

"మీకేం తెలుసు, పెళ్లి చొక్కా పచ్చదే కదా."

"అది నేను కుట్టింది, తల్లీ. వాడు రెండోసారి తొడుక్కున్నాడా?"

ఆ మాటకి తెకురా నవ్వేసింది. ఆగస్టు తర్వాత ఆమె నవ్వడం నేనప్పుడే విన్నాను.

ఇక అంతా సర్దుకుందనుకున్నాం. బొంత పూర్తయ్యాక దాన్ని తెకురా తన మంచం మీద పరుచుకుంది. సమాధి రోజు వచ్చింది. ఊరంతా ముంగిట్లో చేరింది. మైరె అనే సువాసన తీగ ఆకుల దండలు, పాటలు, ప్రార్థన. బొంత దించమని పాస్టరు సైగ చేశాడు. తెకురా దాన్ని గుండెలకి హత్తుకుని నిలబడిపోయింది.

"ఇవ్వను."

పాట ఆగిపోయింది. ఈ బొంత కోసం పట్టుబట్టింది ఆ పిల్లే. కత్తిరించవద్దని సముద్రంలోకి దిగింది ఆ తల్లి. ఇప్పుడు తల్లే రెండు చేతులూ చాచి నిలబడింది.

"ఇవ్వు, తెకురా."

"ఇది తప్ప నాకేముంది అత్తయ్యా? చప్టా కిందికి ఎందుకు పంపాలి?"

"నువ్వు చిన్నదానివి. రేపు ఇంకొక మనిషి నీ మంచం మీదికి వస్తాడు. రావాలి కూడా. నా కొడుక్కి కప్పుకోవడానికి ఇదొక్కటే."

తెకురా మొహం పాలిపోయింది. "అంత మాట అందరి ముందా?" అంది. ఆవిడ చాచిన చేతులు దించలేదు. చివరికి తెకురా బొంతని ఆ చేతుల్లో పెట్టింది. ఒక అంచు మాత్రం వదల్లేదు. అలాగే ఇద్దరూ వంగి దాన్ని లోపలికి దించారు. మూత వేసి సిమెంటు పూసేదాకా తెకురా అక్కడే ఉంది. తర్వాత బట్టలు సర్దుకుని ఊరవతల పుట్టింటికి వెళ్లిపోయింది.

ఉపొకొయినా పిలవడానికి వెళ్లలేదు. "తప్పేమీ అనలేదు నేను" అనేది నాతో. అని, కొత్త బొంతకి ఆకులు కత్తిరించబోయి పక్కన పెట్టేసేది. తెకురా మంగళవారాలు హాలుకి వచ్చేది గానీ అత్తగారి వైపు కూర్చునేది కాదు. ఇద్దరి మధ్యా దారం ఉండ అందించడం నా పనైంది.

కొత్త సంవత్సరం దాటాక పెద్ద గాలివాన వచ్చింది. అది వెలిసిన ఉదయం నేను ఆ ఇంటి కప్పు ఎలా ఉందో చూద్దామని వెళ్లాను. తెకురా అప్పటికే అక్కడుంది. నడుముకి చుట్టుకున్న గుడ్డ పైకి దోపుకుని, సమాధి మీద పడిన సీమపనస చెట్టు కొమ్మని నరుకుతోంది. ముసలామె వసారాలో కూర్చుని చూస్తోంది.

"ఆ కత్తి మొద్దుబారింది" అంది ఆవిడ.

"ఆకురాయి ఎక్కడ పెట్టారు అత్తయ్యా?"

"నువ్వు పెట్టిన చోటే ఉంది. నేను కదపలేదు."

తెకురా లోపలికి వెళ్లింది. ఉపొకొయినా నావైపు తిరిగి, "చేమదుంపలు ఉడుకుతున్నాయి, తిని వెళ్లు అకైతీ. ముగ్గురికి సరిపోతాయి" అంది.