కాశీలో అవ్వ వదిలింది

మొన్న మారతహళ్ళి బస్టాపులో బండివాడు జామకాయను నాలుగుగా చీల్చి ఉప్పుకారం పూశాడు. ఆ వాసనకు నేను మళ్ళీ ఎనిమిదేళ్ళ పిల్లనై కాశీ రైల్లో కూర్చున్నాను.

హోల్డాలు గుర్తుందా మీకు? పరుపూ దుప్పట్లూ అందులో చుట్టి బెల్టులు బిగించేవాళ్ళు. దాని మీద కూర్చుని మా చిన్నాయన చెప్పాడు: "కాశీకి పోతే మనకి శానా ఇష్టమైంది అక్కడే వదిలేసి రావల్ల."

మా అవ్వకు లోకంలో అందరికన్నా నేనంటేనే ఇష్టం. ఇంట్లో అందరూ అనే మాటే అది. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను.

గంగ వెంబడి ఊళ్ళు తిరిగాం. ప్రయాగలో కోటగోడల్నీ, సారనాథ్‌లో ఇటుకల స్తూపాన్నీ అందరూ తలెత్తి చూస్తుంటే, నేను అవ్వ కొంగు పట్టుకుని నేల చూస్తూ నడిచాను. కాశీలో స్నానాల మెట్లు దిగగానే బావురుమన్నాను.

"ఏమాయనే?"

"నన్ను గంగలో వదిలెయ్యొద్దవ్వా!"

అవ్వ కాసేపు బిత్తరపోయింది. తర్వాత పకపకా నవ్వి, సంచిలోంచి జామకాయ తీసింది. "వదిలేది దీన్నే, పిచ్చిదానా! నిన్ను వదిలి నేనెట్లా ఉండేది?"

ఆ కాయ నీళ్ళలో తేలుతూ పోతుంటే నాకు ఊపిరి వచ్చింది. మిగతా కాశీ అంతా తలెత్తి చూశాను.

మీ అవ్వలు ఏం వదిలొచ్చారు?

మా అవ్వ మళ్ళీ జామకాయ తినలేదు. నాకు మాత్రం కోసి, ఉప్పుకారం పూసి ఇచ్చేది. తర్వాత తన వేళ్ళు ఒక్కసారి వాసన చూసుకుని, చెయ్యి కడుక్కునేది.