మామ్మగారు చెప్పిన రాణిగారి కథ

మొన్న మంగళవారం పొద్దున్నే మా పిన్ని ఫోన్ చేసి, "ఎదురింటి మామ్మగారు పోయేరే. నిద్దట్లోనే పోయేరు. నువ్వొచ్చెయ్," అంది. ఆపైన ఏడుపు ఆపుకోలేక ఫోన్ పెట్టేసింది. కాకినాడ నుంచి కోటిపల్లి రేవుకి వచ్చి, పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు గోదావరి దాటుతుంటే, ఈ పంటు మీద మామ్మగారు ఎన్ని సినిమాలు మోసుకొచ్చేరో కదా అనిపించి నాకూ ఏడుపొచ్చింది.

మాకూ ఆవిడకీ చుట్టరికం ఏమీ లేదు. ఎదురిల్లు, అంతే. కానీ ఈ రోజు నేను మా పిన్ని చేతి అన్నం తింటున్నానంటే ఆవిడ చలవే.

తొంభైల మొదట్లో మాట. మా వీధిలో ఆడవాళ్ళందరి తరఫునా సినిమా చూసొచ్చేది మామ్మగారే. కోడళ్ళకి ఇల్లు కదిలే వీలుండేది కాదు. ఈవిడకా, ఎక్కడికని అడిగేవాళ్ళు లేరు. పంటు దాటి ఏటి అవతల హాల్లో మ్యాట్నీ చూసి, మర్నాడు మధ్యాహ్నం తన అరుగు మీద కొబ్బరాకుల ఈనెలు తీస్తూ కథ చెప్పేవారు. చుట్టూ చేరిన వాళ్ళందరం తలో ఆకూ చీరేవాళ్ళం. కథ అయ్యేసరికి ఆవిడ చీపుళ్ళకి కావలసిన ఈనెలన్నీ పోగుపడేవి. ఎంత గడుసుతనమో చూడండి!

ఒకటే లోపం. ఆఖరి పంటు వెళ్ళిపోతుందేమోనని హడలిపోయి, సినిమా ఇంకా ఉండగానే లేచి వచ్చేసేవారు. అంచేత మా వీధికొచ్చిన కథల్లో దుర్మార్గులెవరూ చచ్చేవారు కారు. "ఆఖర్న మాంత్రికుడు ఏమయ్యేడు మామ్మగారండీ?" అని ఎవరైనా అడిగితే, "నేనొచ్చేసేటప్పటికి బానే ఉన్నాడమ్మా," అనేవారు. అందరం పగలబడి నవ్వేవాళ్ళం.

మా అమ్మ పోయాక నాన్న పిన్నిని చేసుకున్నారు. నేనింకా చిన్నపిల్లని. సరిగ్గా ఆ రోజుల్లోనే ఏటి అవతల హాల్లో ఓ పాత జానపదం మళ్ళీ వేశారు. అందులో రాజుగారి రెండో భార్య సవతి కూతురికి పాయసంలో విషం కలిపి పెడుతుందట. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల చూసొచ్చి చెప్పింది. చెప్పి ఊరుకుందా? "మీ పిన్ని వండింది తింటున్నావా నువ్వు?" అని కూడా అడిగింది.

ఇంకేముంది! ఆ పూట నుంచి పిన్ని పెట్టింది ముట్టుకోలేదు నేను. నాన్న కసిరారు, బతిమాలారు. ఊహూ. వాళ్ళింట్లో అటుకులు, వీళ్ళింట్లో జామకాయలు తిని గడిపేదాన్ని. చిక్కి సగమయ్యాను. "ఆ పిల్లకి ఏం పెడతందో ఏంటో" అని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. పిన్నికీ పెద్ద వయసేం కాదు, పట్టుమని ఇరవై లేవు. చివరికి మా నాయనమ్మ, "దీన్ని పుట్టింటికి పంపేద్దాంరా, పిల్ల దక్కుద్ది," అనే దాకా వచ్చింది. పిన్ని గుమ్మం చాటున నిలబడి ఆ మాట విన్నది.

మామ్మగారు వెళ్ళి ఆ సినిమా చూసొచ్చారు. మర్నాడు నన్ను పిలిచి, "మీ పిన్నిని కూడా తీసుకురావే, ఆకులెక్కువున్నాయి," అన్నారు.

అందరం కూర్చున్నాం. ఆవిడ రాజకుమారితో మొదలెట్టలేదు. "అనగనగా ఓ పిల్ల. పల్లకీ దిగి కోటలోకొచ్చింది. వంటింట్లోకెళ్ళి ఏ గిన్నె తీసినా దాని మీద పోయిన రాణిగారి పేరే కొట్టుందమ్మా," అన్నారు. మా ఇంట్లో గిన్నెలన్నిటి మీదా మా అమ్మ పేరే ఉండేది. పిన్ని చేతిలో ఆకు ఆగిపోయింది.

"ఆ పిల్లే రాణిగారు. మొదటి రోజు పాయసం వండింది. రాజుగారి కూతురు విషమని ముట్టలేదు. విషమా పాడా! బెల్లమూ బియ్యమూనూ. ఏం చేస్తది? పొయ్యి దగ్గర కూచుని తనే తినేసింది. రెండో రోజూ అంతే. రోజూ ఒకరి కోసం వండి, రోజూ తనే తినడమంటే మాటలా?"

అంత మంది విన్న కథలో విలన్ని అలా పీట వేసి కూర్చోబెట్టి, నువ్వు చెప్పమ్మా అని అడిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"ఆఖర్న ఏమయ్యింది మామ్మగారూ?" అన్నాను.

"ఏమోనే అమ్మా. రాణిగారు గిన్నె పట్టుకుని ఆ పిల్ల గుమ్మంలో నిలబడింది. నాకు పంటు టైమయిపోయింది, లేచొచ్చేసేను."

ఆ సాయంత్రం పిన్ని అన్నం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. "ముందు నువ్వు తిను," అన్నాను. ఓ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. తర్వాత నేను నోరు తెరిచాను. నాయనమ్మ మళ్ళీ పుట్టింటి మాట ఎత్తలేదు.

పెళ్ళయ్యాక ఓ ఆదివారం టీవీలో ఆ సినిమా వచ్చింది. ఆఖరు దాకా చూశాను. నోరెళ్ళబెట్టాను. గిన్నెల మీద పేర్ల ఊసే లేదు. రాణి వచ్చింది మొదలు పకపకా నవ్వుతూ విషం నూరడమే. గుమ్మంలో నిలబడింది లేదు, పాడు లేదు. ఆ తర్వాత ఊరెళ్ళినప్పుడు నేరుగా అరుగు మీదకెళ్ళి, "మామ్మగారూ, ఆ సినిమాలో మీరు చెప్పిందొక్కటీ లేదండీ!" అని దెబ్బలాడాను.

ఆవిడ తలెత్తకుండా ఈనె తీస్తూ, "ఆయ్. వాళ్ళు రాణిగారిని అడక్కుండా తీసేరమ్మా," అన్నారు. "నేను అడిగేను."

మొన్న నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కనక వీధిలో వాళ్ళే తలోటీ వండి తెచ్చారు. పొరుగూరి నుంచి వచ్చిన మామ్మగారి చెల్లెలు మాత్రం గోడవైపు తిరిగి కూర్చుని పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

మా పిన్ని గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. జుట్టు నెరిసింది ఆవిడకి. గిన్నె మాత్రం అదే, మా అమ్మ పేరున్నదే. లోపలికెళ్ళి మామ్మగారి చెల్లెలి పక్కనే నేల మీద కూర్చుని, ముద్ద కలిపింది.

"ముందు నేను తింటానండీ," అంది. "తర్వాత మీరు తిందురుగాని."