మావయ్య తప్పుల చర్చి చరిత్ర

మా మావయ్యకు మా ఊరి మెథడిస్టు చర్చి చరిత్ర మొత్తం కంఠతా వచ్చు. కాకపోతే మొత్తం తప్పుగా వచ్చు. వృత్తి వడ్రంగం. కొలతలో గోరంత తేడా వస్తే బల్ల ఊడదీసి మళ్లీ చేసే మనిషి, చరిత్ర దగ్గరికి వచ్చేసరికి గోడలకు గోడలే మార్చేసేవాడు.

కుర్చీ కాలు విరిగిందని వచ్చినవాళ్లకు కూడా ముందు చర్చి పునాది తవ్వి చూపించి, ఆ తర్వాతే కాలు చూసేవాడు. ఒకసారి మావయ్యకు దర్జీ దొరికాడు.

"తూర్పు గోడ కట్టింది కమ్మరి వాళ్ల తాతే కదూ?"

"కమ్మరి తాతా? మతి ఉండే మాట్లాడుతున్నావా? ఆ గోడ మా తాతది! రాళ్లు మోసి మోసి ఆయన మెడ ఒక పక్కకి వంగిపోయింది!"

"అలాగా! నా బుర్రకి తుప్పు పట్టిందయ్యా" అంటూ మావయ్య పెన్సిల్ తీసి ఏదో చెక్కముక్క మీద గీసుకున్నాడు. ఎవరితో వాదన అయినా ఇలాగే గీసుకునేవాడు; కుర్చీ కొలతలనుకునేవాళ్లం.

చర్చికి నూరేళ్లు నిండాయి. కట్టినవాళ్ల పేర్లు రాతిపలక మీద చెక్కించాలని కమిటీ తీర్మానించింది. కార్యదర్శి మా నాన్న. పాత రిజిస్టరులో ఉన్నవి పదకొండు పేర్లు, అన్నీ చందాలిచ్చిన పెద్దలవే. చర్చి ఊడ్చే అవ్వ భయపడుతూనే అడిగింది.

"మా అమ్మమ్మ సున్నానికి నీళ్లు మోసింది నాయనా. రాయి మీదికి ఎక్కుతుందా?"

"రిజిస్టరులో లేదవ్వా, నేనేం చేసేది?" అన్నాడు నాన్న.

అవ్వ చీపురు తీసుకుని వెళ్లిపోయింది. నాకు నాన్న మీద చెడ్డ కోపం వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న ఆ పదకొండూ చదివాడు. వెంటనే మావయ్య లేచాడు. "అయిపోయాం!" అన్నారెవరో. మావయ్య రెండు గోనె సంచుల చెక్కముక్కలు బల్ల మీద గుమ్మరించాడు. ముక్కకో పేరు, వాళ్లు చేసిన పని, ఆ సంగతి చెప్పినవాళ్లెవరో. నలభై ఏళ్ల చెక్కముక్కలు, రెండు వందల ఆరు పేర్లు!

నాన్న నోరు వెళ్లబెట్టాడు. "ఇన్ని తెలిసీ తప్పులెందుకు వాగావురా?"

"మీ తాత ఏం చేశాడని అడిగితే, ఏముంది కూలిపని అని తల దించుకునేవాళ్లు బావా. అదే తప్పు చెబితే కొట్టడానికి వచ్చేవాళ్లు. నాకు ఆ పౌరుషం కావాలి."

నేను పుట్టింది ఇంతమంది చేతులతో లేచిన చర్చి నీడలోనా అని నా ఛాతీ ఉప్పొంగింది.

మావయ్య మూడు ముక్కలు ఏరి పట్టుకున్నాడు. "ఈ అవ్వ ఒక్కత్తే నాతో ఎన్నడూ పోట్లాడలేదు. ఏం చెప్పినా తలూపేసేది. అందుకని మూడిళ్లలో కనుక్కోవాల్సి వచ్చింది. బావి ఎండిన వేసవిలో వీళ్ల అమ్మమ్మ వాగు నుంచి నీళ్లు తేకపోతే గోడ లేచేదే కాదట. రోజుకి ఇరవై కడవలు."

చివరి బెంచీలోంచి అవ్వ దిగ్గున లేచింది.

"ఇరవయ్యా? ఎవడు చెప్పాడు నీకు? నలభై! నిండు చూలాలై ఉండి నలభై మోసింది మా అమ్మమ్మ!"

చర్చి అదిరిపోయింది. నాన్న గబగబా కలం తీసి పన్నెండో పేరు రాశాడు. పక్కన నలభై కడవలని కూడా రాశాడు. అవ్వ ఇంకా కూర్చోలేదు. ఆ కడవ ఎంత పెద్దదో రెండు చేతులూ చాచి అందరికీ చూపిస్తోంది.