తెల్ల ఇసుక కింద

మరలున్న ఇనుప కడ్డీని ఇద్దరు కూలీలు తిప్పి తిప్పి పైకి లాగారు. ముందు తెల్ల ఇసుక రాలింది. చివరన అంటుకుని వచ్చింది మాత్రం నల్లటి బంకమట్టి. సర్వేయరు దాన్ని అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపాడు. లోపల చిన్న చిన్న నత్తగుల్లలున్నాయి. వాసన చూసి, ఆ చేతిని మా మామ ముందుకు చాపాడు.

“ఏంది సార్ ఇది?” అన్నాడు మామ.

“చెరువప్పా.”

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న అత్త లోపలికి వెళ్లిపోయింది.

మామ మా అమ్మకు తమ్ముడు. బంగారు గనులు సర్కారు చేతికి వచ్చాక చాంపియన్ రీఫ్స్ గనిలో పనికి చేరాడు. సొరంగంలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. గని వాళ్లిచ్చిన లైనిల్లు ఎప్పటికైనా ఖాళీ చేయాల్సిందేనని, మారికుప్పం స్టేషన్ దాటాక పల్లంలో, ఒక చెరువు పక్కన కొంచెం నేల కొన్నాడు. వానలు పడితే అక్కడ కాలు దిగబడేది. మా వైపు అందరూ చేసే పనే ఆయనా చేశాడు. బంగారం తీసేశాక మిల్లు పారబోసిన ఇసుకను ట్రాక్టర్లతో తోలించి మెత్తగా ఉన్న చోటల్లా నింపాడు. కొండల్లా పడి ఉన్న ఆ దిబ్బల ఇసుక తడిసి ఆరితే రాయిలా బిగుసుకుంటుంది. గడ్డిపోచ మొలవదు. దాని మీదే ఇల్లు కట్టుకున్నాడు. పెరటి బావి దగ్గరికి వచ్చేసరికి ఇసుక చాలలేదు. అక్కడ పాత నేలే ఉండిపోయింది.

గని మూతపడ్డ చాలా ఏళ్లకు చెరువుల హద్దులు తేల్చి, లోపల కట్టినవి ఖాళీ చేయించమని ఉత్తర్వులు వచ్చాయి. నేను పత్రికలో పనిచేస్తున్నాను. సర్వేయరు వచ్చిన రోజు అక్కడికి వెళ్లింది వార్త కోసం కాదు, అత్త రమ్మంటే.

పాత పటంలో చెరువు అంచు ఒక వంకర గీత. దాని మీద ఉండాల్సిన హద్దురాళ్లు ఒక్కటీ మిగల్లేదు. అందుకని సర్వేయరు మొక్కల్ని చూస్తూ నడిచాడు. తడినేలలోనే పెరిగే తుంగ, జమ్ము మొలిచినంత మేర చెరువు కిందే లెక్క. అవి ఆగిన చోటల్లా సున్నం చల్లిస్తూ వచ్చాడు. మా వాళ్ల పెరట్లో గీత బావికీ ఇంటికీ మధ్యగా పోయింది. బావి చెరువులోకి, ఇల్లు గట్టుకి.

“ఇల్లు మిగిలింది గదా. ఇంగ సంతకం పెట్టేసి పంపించు,” అంది అత్త.

“బావి పోతే ఏం తాగుతావే? నీ నోట్లో ఊరే నీళ్లా?”

మామ గడ్డపార తెచ్చాడు. గనిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టి రాయి. బోలుగా పలికితే దుంగ పెట్టాలి. ఆయన ప్రాణాలు అన్నేళ్లూ ఆ చప్పుడు మీదే నిలిచాయి. గోడ పక్కనుంచి గీత దాకా తడుతూ వచ్చాడు. అడుగడుగునా ఖంగుమంది.

“ఇన్నారా సార్? చెరువైతే ఇట్ల పలుకుతాదా? నేను బాగుండాదని చెప్పిన రాయి ఒక్కటీ కూలలేదు.”

“సద్దు విని హద్దు రాసేకి అవుతాదా అప్పా?”

కూలీలు నవ్వారు. మామ ముఖం ఎర్రబడింది.

“అయితే తవ్వండి! యాడైనా తవ్వండి. వంటింటి పక్కనే తవ్వండి!”

“బతుకంతా నెత్తిమీద రాయి కొట్టినావు. ఇది కాళ్ల కింద నేల. ఊరకుండప్పా,” అంది అత్త.

ఆయన ఊరుకోలేదు. సర్వేయరు సరేనని కూలీలకు సైగ చేశాడు.

మరల కడ్డీకి ఆ నల్లమట్టి అంటుకుని వచ్చాక ఎవరూ నవ్వలేదు. “తవ్వమని నేను అడగలేదు గదప్పా. చూసినాక రాయకుండా ఎట్ల?” అన్నాడు సర్వేయరు, గొంతు తగ్గించి. ఇంటి పక్కన తీసినా, ముందు వాకిట్లో తీసినా అదే మట్టి. వీధి అంచుకు పోయాక గానీ ఎర్రమట్టి తగల్లేదు. హద్దురాయి అక్కడ పాతారు. ఇల్లు మొత్తం దానికి ఇవతల, చెరువు వైపు ఉండిపోయింది. వాళ్లు వెళ్లిపోయాక కూడా మామ గడ్డపారతో వాకిలి తడుతూనే ఉన్నాడు. అది ఖంగుమంటూనే ఉంది.

ఆయన అర్జీ పెట్టుకున్నాడు. మళ్లీ కొలిచి చెప్తామన్నారు. ఈలోగా గని దుమ్ము ఊపిరితిత్తులను తినేసింది. రెండో కొలత చూడకుండానే పోయాడు.

అత్త ఆ ఇంట్లోనే ఉంటోంది. బావి నీళ్లే తోడుకుంటోంది. పోయిన వానకు గోడ నెర్రెలిచ్చింది. ఖాళీ చేయించే ఇంటికి మరమ్మతెందుకని ఒకసారి, మన ఇల్లే కదా, బాగుచేయిద్దామని ఒకసారి అంటుంది. మళ్లీ కొలవడానికి ఎవరూ రాలేదు. తుది పటం రాలేదు. ఆ ఇల్లు చెరువులో ఉందో గట్టున ఉందో ఇంతవరకూ ఎవరూ ఆమెకు చెప్పలేదు.