రాజయ్య ముడి

పరశురాములు ఒక బావి మోటరులో కాలిపోయిన రాగి చుట్టలను ఉలితో కోస్తున్నాడు. రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన మనిషి చేతులు పొద్దున్నే మసితో నల్లబడ్డాయి. ఎదురుగా బల్లమీద లస్మవ్వ కూర్చుంది. ఆ మోటరు ఆమెది. మక్కచేను కంకి వేసింది. నేడో రేపో తడి అందకపోతే గింజ పట్టదు.

చొప్పదండిలో ఈ వైండింగ్ దుకాణాన్ని పరశురాములు, లస్మవ్వ భర్త రాజయ్య కలిసి పెట్టారు. రాజయ్య సిరిసిల్ల మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. మోటరు చుట్టడం అతని పని, బేరం పరశురాములు పని. మోటర్ల డీలర్‌షిప్ వచ్చింది, కరీంనగర్‌లో షోరూం లేచింది. ఊరూరా రైతులు పేరు పేరునా తెలిశారు. వాళ్లే ఓట్లేశారు. టికెట్ వచ్చిన రోజు రాజయ్య ఒక్కటే అన్నాడు.

"నువ్వు పోయి రా తమ్మీ. దుకాణం నేను జూస్కుంట."

చూసుకున్నాడు. పరశురాములు రోడ్లు వేయించాడు, బడి కట్టించాడు. కాలువ మాత్రం లస్మవ్వ ఊరి దాకా రాలేదు. రాజయ్య గుండె ఆగిన రోజు అతను హైదరాబాద్‌లో మూడోసారి టికెట్ కోసం తిరుగుతున్నాడు. దహనానికి అందలేదు. తర్వాత దండతో, ఫొటోలు తీసేవాళ్లతో వచ్చాడు. లస్మవ్వ తలుపు తీయలేదు. ఆ ఎన్నికల్లో ఓడాడు, షోరూం కూడా పోయింది. మిగిలింది ఈ గది.

"ఎమ్మెల్యే సాబ్, ఇయ్యాల అయితదా?"

"గట్ల పిలువకు వదినె."

"మరెట్ల పిలవాలె? దండ వట్టుకొని వచ్చిననాడు నీ ఎంబడి మంది గట్లనే ఒర్రిరి గదా."

అతను తల వంచుకుని ఉలి ఆనించాడు. అంతలో చెయ్యి ఆగింది. చుట్ట కొసన నూలు దారం, దానికి చిన్న చదును ముడి. మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి. మోటర్లకు ఆ ముడి వేసేది రాజయ్య ఒక్కడే.

"అన్న చుట్టిందే ఇది."

"ఎరుకే. పోయేముంగట చుట్టిండు."

"కొయ్యాలె వదినె. ఇది తియ్యకుంటే కొత్తది పట్టది."

లస్మవ్వ ముడివైపు కాసేపు చూసింది.

"కొయ్యి. దాన్ని జూసుకుంట కూసుంటే చేను తడుస్తదా?"

కోశాడు. పాత రాగి లాగేసి, తీగ కూర్చునే గాళ్లు తుడిచి, వాటిలో కాగితం పెట్టి కొత్త తీగ ఎక్కించాడు. ఒక చుట్ట వంకరపోతే విప్పి మళ్లీ చుట్టాడు. ఆఖరున దారం తీసుకుని రాజయ్య ముడి వేయబోయాడు. జారింది. మళ్లీ వేశాడు. మళ్లీ జారింది. అన్నేళ్లు పక్కన కూర్చుని ఒక్కనాడూ నేర్చుకోలేదు.

"ఇటు తే," అని లస్మవ్వ లేచింది.

చూడకుండానే రెండు వేళ్లతో ముడి తిప్పి బిగించింది. గట్టిగా లాగినా కదలలేదు.

"గీ ముడి నీకూ వచ్చా వదినె?"

"ఆయనకు కండ్లు మసకలైనంక ముళ్లన్ని నేనే ఏసిన. నువ్వు కోసింది గూడ నాదే."

"అన్నకు కండ్లు కనవడకపోవుడా! నాకెవ్వలు చెప్పలే."

"ఆయనే చెప్పనియ్యలే. తమ్ముడు పెద్ద పనుల మీద ఉన్నడు, పరేషాన్ జెయ్యద్దన్నడు."

మిగిలిన కొసలన్నీ ఆమె కడుతుంటే, పరశురాములు దారం జారకుండా పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వార్నిష్ పోసి, బల్బు వేడికి ఆరబెట్టి, మోటరు బిగించి స్విచ్ వేశాడు. సాఫీగా తిరిగింది.

పొద్దు వాలేవేళ ఆటో వచ్చింది. మోటరును అతనే ఎత్తి వెనక పెట్టి, కదలకుండా తాడు కట్టాడు. లస్మవ్వ ఎక్కి కూర్చుని తాడును ఒకసారి లాగి చూసింది.

"పొయ్యస్త పరశురామూ. చేనుకు నీళ్లు వెట్టాలె."

ఆటో వెళ్లిపోయింది.