భుజం లేచినంత మేర

ముప్పై ఏళ్ళు కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఆమె కుడిభుజం చెవిదాకా లేవదు. భుజాలు పట్టేసినవాళ్ళ కోసం తయారవుతున్న వీడియో గేమ్ ఆడి చూసి, ఎలా ఉందో చెప్పడానికి ప్రతి బుధవారం ఆ కంపెనీకి వస్తుంది. చెప్పులు గుమ్మం పక్కన విడిచి, కళ్ళద్దాలు తుడుచుకుని, నేలమీద టేపు అంటించిన చోట నిలబడుతుంది. కెమెరా ముందు చెయ్యెత్తితే తెరమీది చెట్టు నుంచి పండు రాలాలి. ఆ రోజు పదకొండుసార్లు ఎత్తినా ఒక్కటీ రాలలేదు.

"ఇంకాస్త పైకెత్తండమ్మా," అన్నాడు ఇంజనీరు.

"అంత ఎత్తగలిగితే నాకీ ఆటెందుకు బాబూ?"

అతను నవ్వేసి, ఫారంలో 'ఆమెకు ఆడటం రాలేదు' అని రాశాడు. ఆమె వంగి చదివింది. అతని చేతిలోని పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేసి, కింద గుండ్రటి అక్షరాలతో 'ఆటకు నన్ను చూడటం రాలేదు' అని రాసింది.

"అలా దిద్దకూడదమ్మా. మేనేజరుగారు ఒప్పుకోరు."

"అయితే ఆయన్నే పిలవండి. వచ్చేదాకా ఎత్తిన చెయ్యి దించను."

మళ్ళీ వెళ్ళి టేపు మీద నిలబడి, లేచినంత మేర చెయ్యెత్తి ఆగింది. చూపు తెర మీంచి కదల్లేదు. ఇంజనీరు కాసేపు చూసి, ఎవర్నీ పిలవకుండా కంప్యూటరు ముందు కూర్చుని కొమ్మను జానెడు కిందికి దించాడు. పండు రాలింది. ఆమె చెయ్యి దించి భుజం రుద్దుకుంది.

"ఇక ఎడమచెయ్యి లేవనివాళ్ళ సంగతి చూడండి," అంది.