పండెలిస్ తలాపున పాతిన సీసా

బ్యాంకులు మూతపడడానికి పది రోజుల ముందే పొలిక్సేని తన డబ్బంతా తీసేసుకుంది. పొగాకు కర్మాగారంలో ముప్పై ఏళ్లు ఆకులు ఏరి కూడబెట్టిన ఆరు వేల యూరోలు. అంతకు మించి ఆమెకు వెనకా ముందూ ఏమీ లేదు. ఆ వేసవిలో గ్రీసులోని కవాలా ఊళ్లో ఎవరి నోట విన్నా ఒకటే మాట: యూరో పోతుందట, మళ్లీ పాత నాణెం ద్రాక్మాలేనట, దాచుకున్నదంతా చిత్తుకాగితాలేనట.

ఇంట్లో పెట్టుకోవడానికీ భయమే. ఎదురింటి ఎల్పినీకి రోజుకో కథ మోసుకొచ్చేది.

"వదినా, నిన్న పక్క వీధి ముసలమ్మ పరుపు దొంగలు కోసేశారంట. ఫ్రిజ్‌లో చేపల పొట్టలు కూడా చీల్చి చూశారంట!"

ఇలాంటి మనిషి ఎదురింట్లో ఉంటే వేరే దొంగలెందుకు? పొలిక్సేనికి కంటి మీద కునుకు లేదు. చివరికి నోట్లన్నీ తేనె సీసాలో కుక్కి, భర్త పండెలిస్ సమాధిలో తలవైపు జానెడు లోతున పాతిపెట్టింది. రోజూ దీపం పెట్టడానికి వెళ్లే విధవరాలిని ఎవరు అనుమానిస్తారు?

తెలివంటే తనదే అనుకుంది, పిచ్చిది. అక్కడి శ్మశానంలో చోటు మూడేళ్ల పాటే ఇస్తారు. ఆ తర్వాత ఎముకలు తీసి, వైన్‌తో కడిగి, పెట్టెలో పెట్టుకుని చోటు ఖాళీ చెయ్యాలి. పండెలిస్ పోయి మూడేళ్లు నిండాయన్న సంగతి ఆ భయంలో ఆమెకు గుర్తే లేదు. మర్నాడు ఏడింటికి తవ్వుతామని ఫోను వచ్చేసరికి శ్మశానం గేటు మూసేసి ఉంది.

తెల్లారి ఆరింటికే పరుగెత్తింది. కాటికాపరి త్రాసోస్ అప్పటికే నడుము లోతు గోతిలో ఉన్నాడు.

"ఏడింటికన్నావు కదయ్యా!"

"ఎండ ముదరకముందే కానిచ్చేద్దామనమ్మా."

ఆమె మట్టికుప్ప మీద పడి రెండు చేతులా కెలకసాగింది. త్రాసోస్ మనసు కరిగిపోయింది.

"ఊరుకోండమ్మా. ఎప్పటికైనా అందరం పోయేవాళ్లమే."

"నీ పని నువ్వు చూసుకో నాయనా."

వేళ్లకు గాజు తగిలింది. సీసా పగల్లేదు, మూత ఊడలేదు. గబుక్కున ఎండాకాలమైనా విప్పని నల్ల కోటు కిందికి తోసి పొట్టకు అదుముకుంది. పక్క సమాధుల దగ్గరి ఆడవాళ్లు అప్పుడే ఇటు తిరిగారు. వాళ్ల చూపులన్నీ తన పొట్ట మీదే ఉన్నట్టు తోచి కోటు ఇంకా దగ్గరికి లాక్కుంది.

త్రాసోస్ గోతిలోంచి పుర్రెను పైకెత్తి ఆమె వైపు చాచాడు. దాన్ని రెండు చేతులా అందుకుని కడగవలసింది భార్యే.

"పట్టుకోండమ్మా. ఒంటి చేత్తో వద్దు, జారిపోద్ది."

పొలిక్సేని కదలలేదు. పుర్రెను అందుకోవాలంటే సీసాను కింద పెట్టాలి.

"నువ్వే కడుగు నాయనా," అంది. "నావల్ల కాదు."

ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి నుదుటి మీద ఎవరో పరాయివాడు వైన్ పోస్తుంటే చూస్తూ నిలబడింది. కనీసం నుదుటి మీద ముద్దు పెట్టమన్నాడు త్రాసోస్. మెడ వంచి పెట్టింది. కోటు కింద చేతులు మాత్రం సడలలేదు.

తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో అందరి ముందూ బావురుమంది. ఏడుస్తూనే, సీసా ఉందో లేదో తడుముకుంది.